రన్‌వే సరే, గోడవతల సంగతేంటి?

తాడేపల్లిగూడేనికి ఎయిర్‌పోర్టు వస్తోందని పేపర్లో పడ్డప్పుడల్లా మన ఐటీ జనాల వాట్సాప్ గ్రూపుల్లో పండగే పండగ. "ఇంక సంక్రాంతికి బెంగుళూరు నుంచి గంటలో ఇల్లు", "భీమవరం అల్లుళ్ళ కష్టాలు తీరాయి" అంటూ ఒకటే సందడి. ఆ వెంటనే ఎకరం ఎంతకి వెళ్తుందో లెక్కలు. రన్‌వే ఎన్ని మీటర్లు, ఏటీఆర్ మాత్రమే దిగుతుందా, ఎయిర్‌బస్ కూడా దిగుతుందా... ఇవీ ప్రశ్నలు. ఆ దిగే విమానానికి ఏమైనా అయితే ఎవరొస్తారు, ఎంతసేపట్లో వస్తారు, మనుషుల్ని ఎక్కడికి తీసుకెళ్తారు అని అడిగినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు. నేనే ఒకసారి అడిగితే, "శుభం పలకరా పెళ్ళికొడకా అన్నట్టు నీకెప్పుడూ ఇవే ఆలోచనలా?" అన్నాడొక మిత్రుడు. పొద్దున లేస్తే సర్వరు పడిపోతే ఏం చెయ్యాలో నలభై పేజీల డాక్యుమెంటు రాసే ఉద్యోగం అతనిది!

నేను ఎయిర్‌పోర్టుకి వ్యతిరేకిని కాదు, అది ముందే చెప్పేస్తున్నా. గూడెంలో రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే ఎలాగూ ఉంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త విమానాశ్రయాల ప్రతిపాదనల్లో కుప్పం, దగదర్తి, ఒంగోలు వగైరాలతో పాటు తాడేపల్లిగూడెం పేరూ పెట్టింది. అదే సంవత్సరం జూన్‌లో పౌరవిమానయాన శాఖకి మన తెలుగాయనే మంత్రి అయ్యారు. కాబట్టి ఆశలు ఉండడంలో తప్పు లేదు. రావొచ్చు, రాకపోవచ్చు. పాత రన్‌వే మీదా, వేరే చోటా అన్నది కూడా పక్కన పెడదాం. నా పేచీ అంతా ఒక్క విషయం మీదే. విమానాశ్రయపు భద్రతంటే ప్రహరీగోడ లోపల ఉండే వ్యవహారం అని మనమూ, మన నాయకులూ కూడా అనుకుంటున్నాం. సీఐఎస్ఎఫ్ వాళ్ళు, ఎక్స్‌రే మిషను, బెల్టు తీసి ట్రేలో పెట్టడం... ఇదే మనకి తెలిసిన భద్రత. విమానాన్ని ముంచే సరుకు సగం గోడవతలే ఉంటుంది. అది పంచాయతీల చేతుల్లో, మునిసిపాలిటీల చేతుల్లో, మత్స్యశాఖ చేతుల్లో, జిల్లా ఆసుపత్రి చేతుల్లో ఉంటుంది. వాళ్ళనెవరూ ఒక్క ప్రశ్నా అడగరు.

మన ప్రాంతం సంగతి మనకే గుర్తు లేకపోతే ఎలా? 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు బాలయోగి గారు భీమవరం నుంచి హైదరాబాదు బయల్దేరిన హెలికాప్టరు కూలింది ఎక్కడనుకున్నారు? కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో, ఒక చేపల చెరువులో. ఆయనా, అంగరక్షకుడూ, పైలటూ ముగ్గురూ పోయారు. దేశంలో అత్యున్నత పదవుల్లో ఒకదానిలో ఉన్న మనిషికి జరిగిందది. ఎందుకు కూలింది అన్న చర్చ నేను చెయ్యను. ఒక్కటి మాత్రం చూడండి. ఏలూరు నుంచి ఆకివీడు దాకా, కైకలూరు నుంచి భీమవరం దాకా పైనించి చూస్తే కనబడేది నీళ్ళే. చెరువు పక్కన చెరువు, మధ్యలో సన్నటి గట్టు. ఆ గట్టు మీద మేత బస్తాల ట్రాక్టరు వెళ్ళడమే గగనం, ఇరవై టన్నుల ఫైరింజను ఎక్కడ వెళ్తుంది?

ఇది నా భయం మాత్రమే కాదు, అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ (ఐకావో) నిబంధనల్లో ఉన్నదే. విమానాశ్రయం నీళ్ళకో బురదనేలకో దగ్గరగా ఉండి, విమానాలు ఎక్కేదీ దిగేదీ చెప్పుకోదగ్గ భాగం వాటి మీదుగా అయితే, అక్కడికి తగ్గ ప్రత్యేక రక్షణ ఏర్పాట్లు ఉండి తీరాలంటుంది అది. అంటే పడవలు కావాలి. నీళ్ళలో దిగగలిగే మనుషులు కావాలి. మన కొల్లేరు లంకల్లో తాటిదోనె మీద నిద్రలో కూడా నిలబడగలిగిన వాళ్ళున్నారు. ఏ గట్టు ఎక్కడ తెగుతుందో, ఏ బోదె ఎంత లోతో వాళ్ళకి తెలిసినంత ఏ విపత్తు దళానికీ తెలీదు. వాళ్ళ పేర్లూ ఫోను నంబర్లూ ఏ ఎమర్జెన్సీ ప్లానులోకి ఎక్కుతాయి? అసలు వాళ్ళని పిలిచి "బాబూ, ఇలాంటిది జరిగితే నువ్వొస్తావా, నీకేం కావాలి?" అని అడిగే ఆఫీసరు ఎవరు?

ఇంక పిట్టల సంగతి. ఇదొచ్చేసరికి అందరికీ నవ్వొస్తుంది. "పిట్ట తగిలితే విమానం పడిపోద్దా గురూ?" అంటారు. 2024 డిసెంబరు 29న దక్షిణ కొరియాలో మువాన్ విమానాశ్రయంలో జరిగింది ఒకసారి గుర్తు చేసుకోండి. జెజు ఎయిర్ బోయింగు దిగబోతుంటే పక్షులు తగిలాయి. దొరికిన ఈకల్ని బట్టి అవి బైకాల్ టీల్ అనే చిన్న బాతులు. ఒక్కోటి అరకిలో కూడా ఉండదు. 181 మందిలో 179 మంది పోయారు. మువాన్ కూడా సముద్రపు మడ్డినేలల పక్కనే, వలస పక్షులు తిరిగే చోట కట్టిన విమానాశ్రయమే. 2007లో అది తెరిచినప్పుడు అక్కడా బ్యాండు మేళం మోగే ఉంటుంది.

ఇప్పుడు మన కొల్లేరుకి రండి. 308 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం (1999లో నోటిఫై చేశారు), 2002 నుంచి రామ్‌సర్ చిత్తడినేల. అటపాకలో చెట్ల మీదా, వాళ్ళు వేసిన ఇనప స్టాండ్ల మీదా గూళ్ళు కట్టేది గూడబాతు, అదే పెలికాన్. బరువు నాలుగు నుంచి ఆరు కిలోలు. ఎండెక్కాక వేడిగాలి పట్టుకుని గుంపుగా గుండ్రాలు తిరుగుతూ పైకి లేస్తుంది. చూడ్డానికి ఎంత బావుంటుందో! మరి ఇంజన్లని ఏ బరువు దాకా పరీక్షిస్తారో తెలుసా? ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 లాంటి వాటి ఇంజన్ల సైజుకి "పెద్ద పిట్ట" పరీక్షలో వాడేది 2.75 కిలోల పిట్ట. అన్నిటికన్నా పెద్ద ఇంజన్లకి కూడా 3.65 కిలోలే. ఇంకో తమాషా ఏంటంటే, ఆ పరీక్షలో పాసవడం అంటే ఇంజను పని చేస్తూనే ఉండడం కాదు. ముక్కలు బయటికి చిమ్మకుండా, మంట అంటుకోకుండా బుద్ధిగా ఆగిపోవడం. మన గూడబాతు ఆ సిలబస్‌లోనే లేదు.

"కొల్లేరు గూడేనికి ముప్పై కిలోమీటర్లవతల ఉంది కదా" అంటారు. నిజమే. విమానాశ్రయం చుట్టూ 13 కిలోమీటర్ల వలయంలో పక్షుల్ని ఆకర్షించేవి చూసుకోమంటుంది ఐకావో. ఆ గీత గీస్తే కొల్లేరు బయటే పడుతుంది, ఫైలు మీద సంతకం అయిపోతుంది. మేత కోసం రోజూ పదుల కిలోమీటర్లు తిరిగే పక్షికి ఆ గీత చూపించేదెవరు? పైగా ఇప్పుడు కొల్లేరు కొల్లేరులోనే లేదు. నిడమర్రు, గణపవరం, ఉండి అంతా చేపల చెరువులే. పక్షికి కావలసింది చేపలున్న నీళ్ళు. దానికి సరస్సు అయితేనేం, ఎవరో కౌలుకి చేసే చెరువైతేనేం? విమానాశ్రయానికి చోటు చూసేవాళ్ళు ఒక ఏడాదంతా, అంటే వలస కాలం, గూళ్ళ కాలం, చెరువులు ఎండగట్టి చేపలు పట్టే కాలం అన్నీ కలిపి, ఎన్ని పక్షులు ఏ ఎత్తులో ఎటు వెళ్తున్నాయో లెక్క తియ్యాలి. రెండు రోజులు కారులో తిరిగి రాసే రిపోర్టుతో తేలే పని కాదు.

చెరువులకన్నా దరిద్రం ఇంకొకటుంది. 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 91వ రూలు ప్రకారం విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు జంతువుల్ని కొయ్యకూడదు, మాంసం చేపల కొట్ల చెత్తా, గద్దల్నీ కుక్కల్నీ రప్పించే ఏ కుళ్ళూ పడెయ్యకూడదు. రూలు బ్రహ్మాండంగా ఉంది. మన వైపు కోళ్ళ వ్యర్థాలు రాత్రిళ్ళు లారీల్లో వచ్చి చేపల చెరువుల్లో మేతగా పడుతున్నాయని పేపర్లో రాని నెల ఉందా? ఇది చట్టవిరుద్ధమని అందరికీ తెలుసు. పట్టుకుంటారు, ఫొటో దిగుతారు, మళ్ళీ మామూలే. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరులోనూ బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్ళు గుట్టలుగా చచ్చాయి. చచ్చిన కోళ్ళని ఏం చెయ్యాలి, ఎక్కడ పాతాలి అన్న దగ్గరే మన యంత్రాంగం తడబడింది. గూడెం చుట్టుపక్కల కోళ్ళఫారాలు ఎన్నున్నాయో నేను చెప్పక్కర్లేదు. రేపు అక్కడ విమానాశ్రయం పెడితే దాని మేనేజరు పంచాయతీ సెక్రటరీకి ఉత్తరం రాస్తాడు. సెక్రటరీ దాన్ని ఫైల్లో పెడతాడు. గద్ద మాత్రం తన పని తను చూసుకుంటుంది. గన్నవరంలో 2025 సెప్టెంబరులో బెంగుళూరు వెళ్ళాల్సిన విమానానికి గద్ద తగిలి ప్రయాణం రద్దయింది. నేల మీద ఉండగానే తగిలింది కాబట్టి అది కేవలం విసుగు పుట్టించిన వార్త. అదే రెండొందల అడుగుల ఎత్తులో ఉండగా తగిలితే?

మువాన్ దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే అక్కడ జనాన్ని చంపింది ఒక్క పిట్టలే కాదు. చక్రాలు లేకుండా పొట్ట మీద జారుకుంటూ వచ్చిన విమానం రన్‌వే దాటి, దిక్సూచి యాంటెన్నాలు నిలబెట్టిన మట్టిదిబ్బని గుద్దుకుంది. ఆ దిబ్బ లోపల కాంక్రీటు. యాంటెన్నా సులువుగా విరిగిపోయేలా ఉండాలన్నది నియమం. యాంటెన్నా అలాగే పెట్టారు, కింద పునాది మాత్రం రాయిలా కట్టారు. ప్రపంచమంతా నోరెళ్ళబెట్టింది. మనం మాత్రం నోరెళ్ళబెట్టే హక్కు లేనివాళ్ళం. 2010 మే 22న మంగళూరులో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటిపోయి లోయలో పడేముందు దాని రెక్క తగిలింది కూడా యాంటెన్నాలున్న కాంక్రీటు కట్టడానికే. 158 మంది పోయారు. విచారణ చేశారు, రిపోర్టు వచ్చింది, అందరికీ అందుబాటులోనే ఉంది. పద్నాలుగేళ్ళ తర్వాత ఇంకో దేశంలో అదే తప్పు, అదే చోట, రన్‌వే చివర. మన భాషలో చెప్పాలంటే పబ్లిక్‌గా అందరికీ తెలిసిన బగ్గు, పాచ్ కూడా ఉంది, ఎవరూ వెయ్యలేదు. మంగళూరులోనూ, 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లోనూ (21 మంది) మనకి గుర్తున్నది మాత్రం "పైలటు తప్పు" అన్న రెండు ముక్కలు. రూట్ కాజ్ కింద "హ్యూమన్ ఎర్రర్" అని రాసి టికెట్టు మూసేసే మేనేజర్లని మనం రోజూ తిట్టుకుంటాం. పేపరు తీస్తే మాత్రం మనమూ అదే రాస్తాం.

కోళికోడ్‌లో ఇంకోటి కూడా జరిగింది. జోరున వాన, కరోనా రోజులు. దెబ్బలు తగిలినవాళ్ళని తమ కార్లలో, ఆటోల్లో ఎక్కించి ఆసుపత్రులకి మోసుకెళ్ళింది చుట్టుపక్కల కొండోట్టి జనం. వాళ్ళకి దణ్ణం పెట్టాల్సిందే. ఐతే, ఊరివాళ్ళ మంచితనం మీద ఆధారపడినదాన్ని ప్లాను అంటామా?

రన్‌వే మీద ఎక్కడ మంట లేచినా ఫైరింజను మూడు నిమిషాల్లోపు చేరాలి, వీలైతే రెండే నిమిషాల్లో. ఏటీఆర్ దిగే చోట ఐదో కేటగిరీ, ఒక బండి చాలు. ఎయిర్‌బస్ 320 దిగితే ఆరో కేటగిరీ, రెండు బళ్ళు, 7,900 లీటర్ల నీళ్ళు, దానికి తగ్గ నురుగు మందు. ఇదంతా గోడ లోపల, దీన్ని విమానాశ్రయం వాళ్ళు చేసుకుంటారు, తనిఖీలు కూడా ఉంటాయి. అది లేనిదే లైసెన్సు రాదు. ఆ నాలుగో నిమిషం నుంచే అసలు కథ. విమానంలోంచి బయటపడ్డ నూట యాభై మందిలో నలభై మంది కాలినవాళ్ళనుకుందాం. ఎక్కడికి?

2020 డిసెంబరులో ఏలూరులో వింత జబ్బు వచ్చింది, మర్చిపోయారా? జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. కొద్దిరోజుల్లో ఆరువందల మందికి పైనే. ఏలూరు ప్రభుత్వాసుపత్రి నిండిపోయింది, పరిస్థితి విషమించినవాళ్ళని విజయవాడకి, గుంటూరుకి పంపారు. 2022 ఏప్రిల్ 13 రాత్రి ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలో రసాయన కర్మాగారంలో మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. కాలినవాళ్ళని ముందు నూజివీడు తీసుకెళ్ళారు, అక్కణ్ణించి విజయవాడ. గాయపడ్డవాళ్ళు పదీ పన్నెండు మంది ఉంటేనే రెండు మజిలీలన్నమాట. 2023లో ఏలూరుకి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, సంతోషం. కాలిన కేసులు ఒకేసారి నలభై వస్తే అక్కడ ఎన్ని పడకలున్నాయి, రాత్రి రెండింటికి ప్లాస్టిక్ సర్జను ఎవరు? గూడెం నుంచి విజయవాడకి అంబులెన్సు ఎంతసేపు? సంక్రాంతి ముందురోజు కలపర్రు టోల్‌గేటు దగ్గర క్యూ చూసినవాళ్ళెవరైనా జవాబు చెప్పండి. (మన విమానాలన్నీ నిండుగా ఉండేదీ ఆ రోజే.)

మాక్ డ్రిల్ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. రెండేళ్ళకొకసారి పూర్తి స్థాయిలో చెయ్యాలని నియమం. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఫైర్ డ్రిల్ అంటే ముందురోజే మెయిలు వచ్చేది, "రేపు పదకొండింటికి అలారం మోగుతుంది, కంగారు పడకండి" అని. పదకొండింటికి అందరం లాప్‌టాప్ లాక్ చేసి, కిందికెళ్ళి, టీ తాగి, పదకొండున్నరకి పైకొచ్చేవాళ్ళం. రిజిస్టర్లో "విజయవంతం" అని రాసేవాళ్ళు. అడుగడుగునా తాళం వేసి ఉండే వెనకమెట్ల తలుపు ఆ డ్రిల్లులో ఒక్కసారీ బయటపడలేదు, ఎందుకంటే ఆ తలుపు వైపు ఎవరూ వెళ్ళలేదు. ఏమీ తప్పు దొరకని డ్రిల్లు డ్రిల్లే కాదు, నాటకం. నాకు తెలిసి పేపర్లలో వచ్చే మాక్ డ్రిల్ వార్తలన్నీ "ఆకట్టుకున్న విన్యాసాలు" అనే మొదలవుతాయి. ఆకట్టుకోవడమేంటండీ, సర్కస్సా? "ఈసారి డ్రిల్లులో అంబులెన్సు ఇరవై నిమిషాలు ఆలస్యమైంది, కారణం ఇది, దిద్దుకున్నది ఇలా" అని ఒక్క వార్త చూపించండి, నేను నమస్కారం పెడతాను.

అభ్యంతరాలు నాకు తెలుసు. "ముంబైలో గద్దలు లేవా, కలకత్తాలో చిత్తడినేలలు లేవా, అక్కడ విమానాలు ఎగరట్లేదా?" ఎగురుతున్నాయి. పక్షుల్ని తోలడానికి మనుషులు, తుపాకులు, చప్పుళ్ళు, గడ్డి ఎత్తు దగ్గర్నుంచి చూసుకునే సిబ్బంది, రోజంతా ఎగిరే విమానాల ఆదాయం, అన్నీ ఉన్నాయక్కడ. రోజుకి రెండు ఏటీఆర్‌లు వచ్చే చోట మొట్టమొదట కత్తెర పడేది ఈ ఖర్చుకే. ప్రాజెక్టు బడ్జెట్టు తగ్గగానే మనం టెస్టింగుని ఎలా కొడతామో అలాగే. "నీలాంటి వాళ్ళ వల్లే మన జిల్లా వెనకబడింది" అనేది ఇంకో మాట. గూడేనికి ఒకపక్క గన్నవరం, ఇంకోపక్క రాజమండ్రి మధురపూడి ఉన్నాయి. ఏలూరు వాడికి గన్నవరం గంట లోపే. మనం ముంబై కన్నా ముప్పై ఏళ్ళు వెనకబడి లేం, ఊరికి పదినిమిషాల్లో ఎయిర్‌పోర్టు లేదంతే. మూడో మాట కాస్త తెలివైనది: "మరి పక్షుల కోసం చెరువులు పూడ్చేయమంటావా? కొల్లేరు రైతుల పొట్ట కొడతావా?" లేదు. కొల్లేరులో అక్రమ చెరువుల గట్లు తెంచిన 2006 నాటి ఆపరేషనులో ఎవరి పొట్టలు కొట్టారో, ఎవరివి వదిలేశారో ఆ పక్క జనానికి బాగానే గుర్తుంది. పక్షీ ముందు వచ్చింది, చేపా ముందు వచ్చింది, రైతూ ముందు వచ్చాడు. కొత్తగా వచ్చేది విమానం. సర్దుకోవలసింది అది.

నాకు కావలసింది పెద్దదేం కాదు. శంకుస్థాపన రాయి మీద మంత్రుల పేర్లు చెక్కే ముందు ఒక కాగితం మీద ఇంకొన్ని పేర్లు కనబడాలి. పది కిలోమీటర్లలో కోళ్ళ వ్యర్థాలు పడకుండా చూసే పూచీ ఏ అధికారిదో ఆయన పేరు, హోదా. ఏడాది పొడుగునా పక్షుల లెక్క తీసినవాళ్ళ పేరు, ఆ లెక్క. నీళ్ళలో పడితే వెళ్ళే పడవలు ఎక్కడుంటాయో, ఎవరు నడుపుతారో. కాలినవాళ్ళని తీసుకునే ఆసుపత్రి సూపరింటెండెంటు సంతకం, పడకల సంఖ్యతో సహా. ఈ కాగితం ముందు గన్నవరానికి బయటపెట్టి చూపించమనండి. అది ఇప్పటికే నడుస్తున్నది కాబట్టి అక్కడ జవాబు దొరక్కపోతే గూడెంలో అసలే దొరకదు.

అడిగే చోటు కూడా ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషను ప్రకారం కొత్త విమానాశ్రయానికి ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి. కనీసం ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ముసాయిదా రిపోర్టు చదవడానికి పెట్టాలి, సభలో అడిగిన ప్రతి ప్రశ్నా మినిట్స్‌లోకి ఎక్కాలి, దానికి ప్రాజెక్టు వాళ్ళు జవాబు రాయాలి. రాతపూర్వకంగా కూడా పంపొచ్చు, అంటే డల్లాస్‌లో ఉన్నా, గచ్చిబౌలిలో ఉన్నా సాకు లేదు. మామూలుగా ఆ సభల్లో భూమి పోయేవాళ్ళు నష్టపరిహారం గురించి ఒంటరిగా అరిచి వెళ్ళిపోతారు, మిగతా ఊరంతా "ఉద్యోగాలొస్తాయి" అని చప్పట్లు కొడుతుంది. నోటీసు వచ్చిన రోజున ఆ రిపోర్టులో "విపత్తు నిర్వహణ" అన్న అధ్యాయం తెరవండి. మనం ఎన్ని డాక్యుమెంట్లు కాపీ పేస్టు చేశామో మనకి తెలుసు కాబట్టి, వేరే ఊరి విమానాశ్రయం పేరు పొరపాటున అలాగే ఉండిపోయిందేమో ముందు అది వెతకండి :)